ఆ ఆరో సూచనను తిరగరాయండి: అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, విద్యార్థి సేవా విభాగాల బాధ్యులకు నమస్కారం.

పై చదువులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి బయలుదేరే పిల్లలు విమానం దిగకముందే మన సంఘాల సూచనల పత్రాలు వారి ఫోన్లకు చేరుతున్నాయి. సిమ్ కార్డు ఎక్కడ కొనాలో, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో, చలికోటు ఏ నెలకల్లా కావాలో చెప్పే ఆ కాగితాలు చాలామందికి నిజంగా ఉపయోగపడ్డాయి. ఇక్కడ ప్రాణాలు పోయిన పిల్లలను సొంత ఊళ్ళకు చేర్చడానికి మీరు రాత్రింబవళ్ళు పడే శ్రమను కూడా నేను దగ్గరుండి చూశాను. అందువల్ల ఈ లేఖను దెప్పిపొడుపుగా తీసుకోవద్దని ముందే మనవి చేస్తున్నాను. నిరుడు ఆగస్టులో మా బంధువుల అబ్బాయి చూపించిన పత్రంలో ఆరో సూచన ఇలా ఉంది: "నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే ఏరియాల్లో అద్దె తక్కువని రూము తీసుకోవద్దు. చీకటి పడ్డాక అటు వెళ్ళవద్దు. వాళ్ళతో మాటలు పెంచుకోవద్దు." అది ఏ సంఘం పత్రమో చెప్పడం నాకు ముఖ్యం కాదు. వాకబు చేస్తే కొద్దిపాటి మాటల తేడాతో అదే సూచన మరో రెండు చోట్ల కనిపించింది కనుక, ఈ లేఖ అందరికీ రాస్తున్నాను.

నేను ఇరవై ఏళ్ళకు పైగా విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలో ఉంటూ సమాజశాస్త్రం బోధిస్తున్నాను. ఆ సూచన రాసినవారు దుర్మార్గులని నేను అనుకోవడం లేదు. వారు బహుశా మంచివారే, పిల్లల మీద ప్రేమతోనే రాసి ఉంటారు. నేను చెప్పదలచిన సంగతి కూడా సరిగ్గా ఇదే. దురభిప్రాయాన్ని మనం చెడ్డ మనసుకు పట్టిన జబ్బుగా చూస్తాం గనుక, మనకు ఆ జబ్బు లేదని నమ్మకం కుదరగానే ఆలోచించడం మానేస్తాం. వివక్ష సాగడానికి ద్వేషం అక్కరలేదనీ, ఒకసారి కుదిరిన ఏర్పాట్లు చాలుననీ, ద్వేషం సైతం చాలావరకు ఆ ఏర్పాట్లలో ఎవరి మెట్టు ఎక్కడుందన్న లెక్కలోంచే పుడుతుందనీ సమాజశాస్త్రం వందేళ్ళకు పైగా రకరకాలుగా చూపిస్తూ వచ్చింది.

ముందు మా ఊరి సంగతి చెబుతాను. మిల్వాకీ ఉత్తర భాగంలో నల్లజాతివారు ఎక్కువగా ఉంటారన్న మాట నిజం. అక్కడ అద్దెలు తక్కువన్న మాటా నిజమే. వారు అక్కడే ఎందుకు ఉన్నారన్నది మాత్రం ఆ పత్రం అడగని ప్రశ్న. 1933లో ఏర్పడిన ప్రభుత్వ గృహ రుణ సంస్థ ఒకటి ఆ దశాబ్దపు రెండో సగంలో 200కు పైగా నగరాలకు పటాలు గీయించి, పేటలకు ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులు వేసింది. అప్పు ఇస్తే ముప్పు ఎక్కువ అన్న చోటికి ఎరుపు. నల్లజాతివారు ఉండే పేటకు దాదాపు ఎప్పుడూ ఆ ఎరుపే దక్కింది. మిల్వాకీకీ అలాంటి పటం ఉంది. ఆ పటాల వల్లనే బ్యాంకులు అప్పులు నిరాకరించాయా, లేక అప్పటికే నడుస్తున్న వాడుకను ఆ పటాలు కాగితం మీద పెట్టాయా అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగని వాదు. అయితే ఇళ్ళ అప్పులకు బీమా ఇవ్వడానికి 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ మాత్రం, ఇంటి దస్తావేజులో ఈ ఇల్లు నల్లవారికి అమ్మరాదన్న షరతు రాయించడాన్ని తన నియమావళిలోనే ప్రోత్సహించిందన్న విషయంలో వాదు లేదు. అలాంటి షరతులను న్యాయస్థానాలు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పేనాటికి శివార్ల స్వరూపం చాలావరకు ఖరారైపోయింది.

1960లలో హైవే వచ్చి, నల్లజాతివారి దుకాణాలూ, క్లబ్బులూ, ఇళ్ళూ ఉన్న బ్రాన్జ్‌విల్ అనే పేటను చీల్చుకుంటూ పోయింది. నగర మండలిలో మొదటి నల్లజాతి సభ్యురాలైన వెల్ ఫిలిప్స్ 1962లో, ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్ష కూడదంటూ ఒక తీర్మానం పెట్టారు. 18 మంది వ్యతిరేకం, ఒక్కరు అనుకూలం. ఆ ఒక్కరు ఆమే. మళ్ళీ మళ్ళీ పెట్టారు, మళ్ళీ మళ్ళీ అదే లెక్క. 1967 ఆగస్టు 28న నల్లజాతి యువజనులు, వారికి తోడుగా నిలిచిన జేమ్స్ గ్రాపీ అనే క్రైస్తవ గురువు కలిసి, పదహారో వీధి వంతెన దాటి, దాదాపు అందరూ తెల్లవారే ఉండే దక్షిణ భాగంలోకి నడిచారు. పోలండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువగా ఉండే వైపు అది. ఆఫ్రికాను పోలండ్‌తో కలుపుతుంది గనుక ప్రపంచంలోకెల్లా పొడవైన వంతెన ఇదేనని మా ఊళ్ళో ఒక పాత హాస్యోక్తి ఉంది. వేలమంది గుమిగూడి రాళ్ళు, సీసాలు విసిరారు. నడిచినవారు ఆగలేదు, 200 రాత్రులు నడిచారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు, 1968 ఏప్రిల్ 11న, దేశమంతటికీ గృహ వివక్ష నిషేధ చట్టం వచ్చింది. ఆ నెల చివర మిల్వాకీ మండలి కూడా తన శాసనం చేసుకుంది.

చట్టం వచ్చాక కథ సుఖాంతమైందని ఎవరైనా అంటే, 2022 నాటి ఫెడరల్ రిజర్వు సర్వేను ఒకసారి చూడమంటాను. ఆ సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబపు మధ్యస్థ సంపద సుమారు 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది సుమారు 44,900 డాలర్లు. ఆరింతలకు పైగా తేడా. జీతాల్లో తేడా ఇంతలేదు. జీతం ఒక మనిషి ఈ ఏడు చేసిన పనికి వచ్చేది, సంపద మూడు తరాల లెక్క. తాత 1950లో చవక వడ్డీకి కొన్న ఇంటి విలువ పెరిగి, దాని మీద తండ్రి చదువుకు అప్పు పుట్టి, ఆ తండ్రి తన బిడ్డకు కళాశాల రుసుము కట్టగలిగితే, ఆ గొలుసులో ఎవరూ ఎవరినీ ద్వేషించనక్కరలేదు. గొలుసులోని మొదటి లంకే అందనివారి సంగతి మాత్రం వేరు. అమెరికాలో బడుల ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుందని మీ అందరికీ తెలుసు. మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు మొదట అడిగే "మంచి స్కూల్ డిస్ట్రిక్టేనా?" అన్న ప్రశ్నలో జాతి పేరు ఎక్కడా వినిపించదు. అయినా ఆ ప్రశ్నకు వచ్చే జవాబు చాలా నగరాల్లో ఆ పాత రంగుల పటాన్నే మళ్ళీ గీస్తుంది. ఆ ప్రశ్న అడిగినవారిలో నేనూ ఉన్నాను. మా ఇల్లు కూడా అలా కొన్నదే.

నా మనసులో ఏమీ లేదు, నాకు అందరూ సమానమే అని మనం తరచుగా అంటాం. మనసులో ఉన్నదానికీ చేతిలో జరిగేదానికీ ఉన్న ఎడాన్ని మొదట కొలిచినవాళ్ళలో సమాజశాస్త్రజ్ఞుడు రిచర్డ్ లాపియర్ ఒకరు. 1930ల మొదట్లో ఆయన ఒక చైనా దంపతులను వెంటబెట్టుకుని కారులో దాదాపు 10,000 మైళ్ళు తిరిగారు. చైనావారి మీద వ్యతిరేకత బాహాటంగా ఉన్న రోజులవి. 251 హోటళ్ళు, భోజనశాలల్లో దిగితే ఒక్కచోట మాత్రమే పొమ్మన్నారు. ఆరు నెలల తర్వాత అవే చోట్లకు ఉత్తరాలు రాసి, చైనావారికి చోటిస్తారా అని అడిగితే, జవాబిచ్చిన 128 మందిలో నూటికి తొంభై మందికి పైగా ఇవ్వమన్నారు. అక్కడ మాట చెడ్డది, చేత మంచిది. ఈ రోజుల్లో పరిస్థితి తిరగబడింది: మాట మంచిది, చేత వేరు. దేవా పేజర్ అనే సమాజశాస్త్రజ్ఞురాలు 2001లో ఇదే మిల్వాకీలో నలుగురు యువకులను చిన్న ఉద్యోగాలకు దరఖాస్తులు ఇచ్చి రమ్మని పంపారు. చదువు, తీరు అన్నీ ఒకేలా కుదిర్చి, జైలు శిక్ష పడిందన్న వివరం ఒక్కటి వంతులవారీగా మార్చారు. 2003లో అచ్చయిన ఫలితం ఇది: శిక్ష లేని తెల్లవారికి నూటికి 34 సార్లు తిరిగి పిలుపు వచ్చింది, శిక్ష పడ్డ తెల్లవారికి 17 సార్లు, శిక్ష లేని నల్లవారికి 14 సార్లు, శిక్ష పడ్డ నల్లవారికి 5 సార్లు. ఏ తప్పూ చేయని నల్లజాతి యువకుడు ఈ ఊళ్ళో జైలుకు వెళ్ళివచ్చిన తెల్ల యువకుడి కంటే వెనకే నిలిచాడు. ఆ యజమానుల్లో ఎవరినైనా నిలబెట్టి అడిగితే, తమకు అందరూ సమానమేనని చెప్పి ఉండేవారు. బహుశా నిజాయతీగానే చెప్పి ఉండేవారు.

రాబర్ట్ మెర్టన్ అనే సమాజశాస్త్రజ్ఞుడు 1949లో ఈ చిక్కును నాలుగు రకాల మనుషులుగా విడదీశాడు. ద్వేషమూ లేక, వివక్షా చూపనివారు ఒకరు. ద్వేషం ఉండి, దాన్ని దాచక చూపేవారు ఇంకొకరు. వీరిద్దరి గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. లోపల ద్వేషం ఉన్నా చట్టానికో వ్యాపారానికో భయపడి నోరు మూసుకునేవారు మూడో రకం. లోపల ద్వేషం ఏమీ లేకున్నా, పదిమందితో పేచీ ఎందుకని, ఇంటి ధర పడిపోతుందేమోనని, వాట్సాప్ గ్రూపులో ఒంటరిని అవుతానని వివక్షకు తలూపేవారు నాలుగో రకం. మెర్టన్ ఆశ పెట్టుకున్నది వీరి మీదే. తాము చేసేది తప్పని వీరికి ముందే తెలుసు గనుక, వ్యవహారం మారితే వీరు ముందుగా మారతారని ఆయన లెక్క. మన సంఘాల సభ్యుల్లో అత్యధికులు ఈ నాలుగో రకమేనని నా అంచనా. ఇంట్లో "నల్లోళ్ళు" అని, కుర్రాళ్ళ మధ్య "కాలూగాళ్ళు" అని నవ్వుకుంటూ, ఆఫీసులో మాత్రం ఎంతో జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళు మనలో తక్కువేం కాదు.

మన మెట్టు ఎక్కడిదో ఇప్పుడు చూద్దాం. కష్టపడి పైకొచ్చామన్న మాట మన మహాసభల వేదికల మీద ఏటా వినిపిస్తుంది. అబద్ధం కాదు. అయినా ఆ మాట చరిత్రను సగం నుంచి మొదలుపెడుతుంది. 1923 ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. పౌరసత్వం తెల్లవారికీ, ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పరిమితమైన రోజులవి. థింద్ పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆయన తరఫున ఏమని వాదించారన్నదే మనం చదవాలి. తాను అగ్రకులపు ఆర్యుడననీ, ఆ కులంవారు దేశంలోని ఆదివాసులను పెళ్ళి విషయంలో అమెరికన్లు నీగ్రోలను చూసినట్లే చూస్తారనీ, కాబట్టి తమను తెల్లవారిలో లెక్కించాలనీ వాదన నడిచింది. తనను తొక్కుతున్న మెట్టు మీదికి ఎక్కించమని అడగడానికి, తన కింద ఇంకొక మెట్టు ఉందని సాక్ష్యం చూపించడం అది. మూడు నెలల ముందే, 1922 నవంబరులో, తకావో ఒజావా అనే జపాను సంతతి వ్యక్తి కేసులో ఇదే కోర్టు, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడు అని చెప్పింది. థింద్ నిజంగా కాకేసియన్‌నని శాస్త్ర గ్రంథాలు చూపిస్తే, శాస్త్రం సంగతి అవతల పెట్టి, సామాన్యుడు ఎవరిని తెల్లవాడంటాడో వాడే తెల్లవాడు అంది. జాతి అనేది రక్తంలో ఉండదనీ, అధికారం ఉన్నవారు అవసరాన్నిబట్టి గీసి చెరిపే గీత అనీ మా తరగతిలో ఎన్ని సిద్ధాంతాలు చెప్పినా, ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టినంత స్పష్టంగా బోధపడదు. ఆ తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన పదుల సంఖ్యలో భారతీయుల పౌరసత్వాన్ని ప్రభుత్వం లాక్కోజూసింది.

1946లో చట్టం మారేదాకా అదే స్థితి. భీమవరంలో పుట్టి, హార్వర్డులో, తర్వాత లెడర్లీ ప్రయోగశాలల్లో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అమెరికా జీవితంలో అత్యధిక భాగం ఈ కాలంలోనే గడిచింది. ఆయన శ్రమతో వచ్చిన మందులు ఈ దేశ ప్రజలు వాడారు. ఆయన మాత్రం ఈ దేశ పౌరుడు కాకుండానే 1948లో న్యూయార్కు రాష్ట్రంలో కన్నుమూశారు. మన వేదికల మీద ఆయన పటానికి పూలదండ వేస్తాం, ఈ ముక్క మాత్రం చెప్పం.

మరి మనకు తలుపు ఎప్పుడు తెరుచుకుంది? 1965 అక్టోబరు 3న సంతకం అయిన వలస చట్టంతో. దేశాలవారీ కోటాలను రద్దు చేసిన ఆ చట్టం, పౌరహక్కుల ఉద్యమం జాతి వివక్షను దేశానికే సిగ్గుచేటుగా నిలబెట్టిన గాలిలో వచ్చింది. ఆ ఉద్యమంలో దెబ్బలు తిన్నవారి నడకలోనే మన వీసా కూడా ఉంది. ఆ చట్టం వృత్తి నైపుణ్యం ఉన్నవారికి కూడా ప్రాధాన్యం ఇచ్చింది, మనవాళ్ళలో మొదట వచ్చినవారు ఎక్కువగా ఆ దారిలోనే వచ్చారు. అందువల్ల ఇక్కడికి చేరినవారు అప్పటికే కుల, వర్గ, పరీక్షల జల్లెళ్ళలోంచి జారి వచ్చినవారు. అలా ఏరి తెచ్చిన గుంపు బాగా సంపాదిస్తే, దాన్ని మొత్తం జాతి గుణంగా చూపించి, నల్లజాతివారితో "వాళ్ళు చేయగలిగారు, మీరెందుకు చేయలేరు?" అనడం సులువైంది. 1966లో విలియం పీటర్సన్ అనే సమాజశాస్త్రజ్ఞుడు జపాను సంతతివారి విజయగాథ అంటూ పత్రికలో రాసిన వ్యాసం దగ్గర ఈ పోలిక మొదలైందంటారు. మెచ్చుకోలు మనకు, దెబ్బ వారికి. నేను పైన చెప్పిన 2022 సర్వేలో ఆసియావారి కుటుంబపు మధ్యస్థ సంపద సుమారు 5,36,000 డాలర్లు. ఈ అంకెను మన పత్రికల్లో గర్వంగా వేసేటప్పుడు, వలస అధికారుల జల్లెడ సంగతి కూడా పక్కన వేస్తే బాగుంటుంది.

మన మెట్టు గట్టిదని అనుకోవడానికీ లేదు. 1907 సెప్టెంబరు 4న, కెనడా సరిహద్దుకు దగ్గరలోని బెల్లింగ్‌హామ్‌లో కొన్ని వందలమంది తెల్ల కార్మికులు గుంపుకట్టి, రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీలను కొట్టి తరిమేశారు. ఎడ్నా బొనాచిచ్ 1972లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇలాంటి ఘటనల గుట్టు విప్పుతుంది. ఒకే పనికి రెండు ధరలు ఉన్నచోట, ఎక్కువ ధర పలికే కార్మికులు తక్కువ ధరకు వచ్చేవారిని జాతి పేరుతో ద్వేషిస్తారు, ఆ రెండు ధరలు పెట్టిన యజమాని మాత్రం కనపడకుండా పక్కన నిలబడతాడు. యజమాని చేతిలో వీసా ఉన్నందున నోరెత్తలేని మన హెచ్-1బీ కుర్రాడికీ, ఉద్యోగం పోయిన అమెరికన్‌కూ మధ్య ఈనాడు నడిచే తగవును ఈ మాటలతో చదివి చూడండి. హెర్బర్ట్ బ్లూమర్ 1958లో మరో కోణం చూపించాడు. జాతి దురభిప్రాయం ఒక మనిషికి మరో మనిషి మీద ఉండే అయిష్టం కాదనీ, మా గుంపు స్థానం ఇదీ, దీని మీద హక్కు మాదీ, అవతలివారు దాన్ని కాజేయబోతున్నారు అన్న సామూహిక భావమనీ ఆయన అన్నాడు. 2017 ఫిబ్రవరి 22న కేన్సస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపినవాడు, అంతకు కాస్త ముందు అడిగింది వీసా గురించి. అరిచింది, మా దేశం నుంచి వెళ్ళిపొమ్మని. ఆ ఇంజినీరును ఇరాన్‌వాడని అనుకున్నాడట. మనిషి ఎవరో తెలియనక్కరలేకుండానే ద్వేషం పనిచేస్తుందని బ్లూమర్ చెప్పినదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

2023 జనవరిలో సియాటెల్‌లో కర్నూలు జిల్లా విద్యార్థిని ఒకరు పోలీసు కారు ఢీకొని మరణించారు. ఆమె ప్రాణానికి పరిమిత విలువేననీ, 11,000 డాలర్ల చెక్కు రాసిస్తే సరిపోతుందనీ ఒక పోలీసు అధికారి నవ్వుతూ ఫోనులో అన్న మాటలు ఆ సెప్టెంబరులో బయటికి వచ్చాయి. మన సంఘాలన్నీ ఆగ్రహించాయి, ఆగ్రహించవలసిందే. ఆ మాటలు మనకు వినపడ్డాయంటే కారణం ఆ అధికారి ఒంటి మీద కెమెరా ఉండటం. పోలీసుల ఒంటి మీదికి కెమెరాలు ఈ దేశంలో విస్తారంగా రావడానికి ముఖ్య కారణం, 2014లో ఫెర్గూసన్‌లో ఒక నల్లజాతి యువకుడిని పోలీసు కాల్చి చంపాక రేగిన ఉద్యమం. మన బిడ్డకు న్యాయం అడగడానికి చేతికందిన ఆ ఒక్క ఆధారం, ఎవరితో మాటలు పెంచుకోవద్దని ఆరో సూచన చెబుతోందో వారు వీధుల్లోకి వచ్చి సంపాదించి పెట్టినది.

పిల్లల భద్రత మా బాధ్యత కాదా అని మీరు అడుగుతారు. తప్పకుండా మీ బాధ్యతే. రాత్రి పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో పనిచేస్తూ దోపిడీ దొంగల తుపాకులకు బలైన తెలుగు పిల్లలు ఉన్నారు. ఆ భయాన్ని నేను చిన్నబుచ్చడం లేదు. నల్లజాతి సమాజశాస్త్రజ్ఞుడు డబ్ల్యూ. ఈ. బి. డుబోయిస్ ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరిగి 1899లో అచ్చువేసిన పరిశోధనలోనే, నల్లజాతి పేటల్లో కనిపించే నేరాన్ని దాచకుండా రాశాడు. రాస్తూనే దాని వేళ్ళు బానిసత్వపు చరిత్రలో, పనికి రానివ్వని కర్మాగారాల్లో, ఎక్కువ అద్దెకు ఇచ్చే కొంపల్లో ఉన్నాయని చూపించాడు. మిల్వాకీ ఉత్తర భాగంలో కర్మాగారాలు మూతపడ్డాక వీధులు ఏమయ్యాయో విలియం జూలియస్ విల్సన్ షికాగో గురించి 1987లో రాసినదాన్ని చదివితే అర్థమవుతుంది. నేరం జరిగేదీ జరగనిదీ చేసే పనిని, వీధి వెలుతురును, సమయాన్ని, చేతిలోని నగదును బట్టి ఉంటుంది. సూచన వీటి గురించి ఉంటే పిల్లవాడికి పనికొస్తుంది. చర్మం రంగు గురించి ఉంటే, పక్క తరగతిలో కూర్చున్న నల్లజాతి విద్యార్థిని చూసి కూడా వాడు బెదురుతాడు, తెల్లగా ఉన్న మోసగాడి చేతిలో మాత్రం అద్దె బయానా పోగొట్టుకుంటాడు.

కులం మాట ఎత్తకుండా ఈ లేఖ ముగిస్తే నేను కూడా నాలుగో రకం మనిషినే అవుతాను. చార్లెస్ టిల్లీ 1998లో, అసమానత తరాల తరబడి నిలవడానికి ఒక ముఖ్య మార్గంగా అవకాశాలను గుంపులోనే దాచుకోవడాన్ని చెప్పాడు. మన ఉద్యోగాల సిఫార్సులు, కన్సల్టెన్సీలు, ఇంట్లో ఖాళీ గది ఉందని పెట్టే ప్రకటనల్లోని "మనవాళ్ళకు మాత్రమే" అన్న మాట, ఒక ఊళ్ళో ఇన్ని తెలుగు సంఘాలు ఎందుకున్నాయన్న ప్రశ్నకు అందరికీ తెలిసి ఎవరూ చెప్పని జవాబు, ఇవన్నీ ఆ దాచుకోవడమే. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ భారతదేశంలో పత్రికా ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపి 2007లో వెల్లడించిన ఫలితం కూడా పేజర్ ఫలితానికి దగ్గరి చుట్టమే: దళిత ఇంటిపేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ ఇంటిపేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరమైంది. కాలిఫోర్నియా చట్టసభలు అలాంటిదే బిల్లు ఆమోదిస్తే, ఉన్న చట్టాలే సరిపోతాయంటూ గవర్నరు ఆ అక్టోబరులో తిప్పి పంపారు. ఈ బిల్లులు మన పిల్లలను దోషులుగా నిలబెడతాయని మనలో చాలామంది భయపడ్డారు. ఇళ్ళ వివక్ష నిషేధం గురించి మిల్వాకీ దక్షిణ భాగంవారు 1967లో అన్న మాటలూ ఇంచుమించు ఇవే.

కులాన్ని జాతితో పోల్చవచ్చునా అన్నది పాత చర్చ. నల్లజాతి సమాజశాస్త్రజ్ఞుడు ఆలివర్ కాక్స్ 1948లో గట్టిగా కాదన్నాడు. కులవ్యవస్థలో కిందివారు తమ స్థానాన్ని అంగీకరిస్తారనీ, జాతి అణచివేతలో అంగీకారం ఉండదనీ ఆయన వాదన. పెట్టుబడిదారీ వ్యవస్థ గురించి ఎంతో లోతుగా రాసిన మనిషి, 1927లో మహారాష్ట్రలోని మహాద్‌లో తమకు నిషిద్ధమైన చెరువు నీళ్ళు తాగడానికి నడిచిన వేలమంది దళితులను లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. ఆ నడకకు ముందు నిలిచిన అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్కులో, హార్లెం పక్కనే ఉన్న కొలంబియాలో చదివాడు. 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాసి, తాను నీగ్రో సమస్యను చదువుతున్నవాడిననీ, అంటరానివారి స్థితికీ నీగ్రోల స్థితికీ ఎంతో పోలిక ఉందనీ, ఐక్యరాజ్యసమితికి వారు ఇచ్చే అర్జీ ప్రతులు కావాలనీ అడిగాడు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చాడు. ఈ ఇద్దరూ మాటలు పెంచుకున్నారు.

నేను కోరేవి పెద్ద పనులు కావు. నల్లజాతి చరిత్ర మాసంలో ఒక విందు, ఒక నృత్యం పెట్టి చేతులు దులుపుకోవద్దు. గుంపులు కలిస్తే ద్వేషం తగ్గుతుందన్న మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దానికి షరతులు పెట్టాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, చేతులు కలిపి చేసే పని, పైనున్న సంస్థల మద్దతు. అద్దెదారుల హక్కుల మీద ఎంతోకాలంగా పనిచేస్తున్న నల్లజాతి సంఘాలు చాలా పెద్ద నగరాల్లో ఉన్నాయి. లీజు, బయానా, ఖాళీ చేయమనే నోటీసుల విషయంలో మన విద్యార్థులు పడే పాట్లకు వారితో కలిసి ఒక సహాయ కేంద్రం పెడితే నాలుగు షరతులూ తీరుతాయి. మీ నియమావళిలో కులం పేరిట వివక్ష చూపబోమని ఒక వాక్యం చేర్చండి. దానికి ఏ నగర మండలి అనుమతీ అక్కరలేదు. మహాసభల్లో సినీతారల సన్మానానికి ఇచ్చే సమయంలోంచి ఒక గంట తీసి, థింద్ తీర్పును, 1965 చట్టాన్ని మన పిల్లల చేతే చదివించండి.

ఆరో సూచన స్థానంలో వేయడానికి నేను రాసిన ముసాయిదా ఇది: "ఇల్లు చూసుకునేటప్పుడు బస్సు దారి, వీధి దీపాలు, తలుపు తాళం చూడండి. లీజు పూర్తిగా చదవకుండా, ఇల్లు కళ్ళతో చూడకుండా డబ్బు పంపవద్దు. రాత్రి పని చేయవలసి వస్తే ఒంటరిగా నగదు దగ్గర ఉండవద్దు. విశ్వవిద్యాలయం ఇచ్చే రాత్రి వాహన సదుపాయం వాడుకోండి. చేరిన మొదటి వారంలోనే ఇరుగుపొరుగువారికి పేరు చెప్పి పరిచయం చేసుకోండి. ఆపద వేళ ముందుగా అందేది వారే." దీన్ని మీకు నచ్చినట్లు దిద్దుకోండి. ఆగస్టు మొదటి వారంలో మొదటి బృందాలు దిగుతాయి, పత్రం జులైలోనే ఖరారవుతుందని విన్నాను. దిద్దడానికి ఒక సాయంత్రం చాలు. ఏ ఊళ్ళో కూర్చుంటారో చెప్పండి, వస్తాను.

భవదీయుడు,
మిల్వాకీ నుంచి ఒక సమాజశాస్త్ర ఉపాధ్యాయుడు